క్రూయిజ్‌లో ఆఫ్టర్‌నూన్ టీ: ఏ ఓడ, ఏ రోజు, ఏ సీటు

క్రూయిజ్ బుక్ చేసుకున్నవాళ్ళు కేబిన్ గురించీ డిన్నర్ గురించీ పోర్టుల్లో ఏం చూడాలన్నదాని గురించీ నెలల ముందే ఆలోచిస్తారు గానీ, మధ్యాహ్నం మూడున్నర, నాలుగు గంటలకి ఓడలో ఇచ్చే టీని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. నాకు మాత్రం మొత్తం ప్రయాణంలో ఎక్కువ ఇష్టమైనది అదే. అయితే అన్ని ఓడల్లోనూ ఒకేలా ఉండదు, ఒకే ఓడలో కూడా రోజు రోజుకీ తేడా ఉంటుంది.

నా ఓటు క్యూనార్డ్ అనే క్రూయిజ్ కంపెనీ వాళ్ళ క్వీన్ మేరీ 2కే. 2004 జనవరి నుంచి తిరుగుతున్న ఓడ ఇది. సౌతాంప్టన్ నుంచి న్యూయార్క్‌కి మామూలుగా ఏడు రాత్రులు పడుతుంది, దారి పొడవునా అట్లాంటిక్ తప్ప ఇంకేమీ ఉండదు, కాబట్టి టీ టైమ్‌కి ఊళ్ళు చూసి పరుగెత్తుకుంటూ వెనక్కి రావాల్సిన పని లేదు. టీ ఇచ్చేది క్వీన్స్ రూమ్‌లో, రాత్రిళ్ళు డాన్సులు జరిగే పెద్ద హాలు అది. టైమ్ అవగానే తెల్ల గ్లౌజులు వేసుకున్న వెయిటర్లు వరుసగా లోపలికి వస్తారు. ముందు టీ పాట్, దాని వెనక శాండ్‌విచ్‌ల ట్రే (కీరదోస, గుడ్డు, స్మోక్డ్ సాల్మన్ లాంటివి, అంచులు కోసేసి, వేలంత సన్నగా), ఆ తరవాత స్కోన్లు (బన్నుల్లాంటి చిన్న బ్రిటిష్ బేకరీ తినుబండారాలు), చివర్న కేకులు. ఒక పక్క లైవ్ సంగీతం నడుస్తూనే ఉంటుంది. వేరే డబ్బు కట్టక్కర్లేదు, టికెట్‌లోనే వస్తుంది.

ఇందులో నాకు అన్నిటికన్నా నచ్చింది ట్రేలు తిరగడం. అన్నీ ఒకేసారి తెచ్చి ముందు పెట్టేస్తే తినేదాకా వదలం, లేదా సగం వదిలేస్తాం. ఇక్కడ ఒక్కటి తీసుకుని, టీ తాగుతూ, పక్క కుర్చీలో ఉన్నవాళ్ళతో మాట్లాడుతూ ఉండొచ్చు, ట్రే ఎలాగూ మళ్ళీ వస్తుంది. ఇంకో మేలు కూడా ఉంది. ఓడల్లో నోరోవైరస్ (వాంతులు, విరేచనాలు తెప్పించే వైరస్) భయం ఎప్పుడూ ఉంటుంది, అందరూ ఒకే పట్టకారు పట్టుకునే బఫే కన్నా వెయిటర్ తన చేత్తో వడ్డించడం నయం. అయినా సరే హాల్లోకి వెళ్ళేముందు సబ్బుతో చేతులు కడుక్కోండి, ఎందుకంటే ఆ వైరస్ మీద శానిటైజర్ అంతగా పనిచేయదు.

స్కోన్ వేడిగా ఉన్నప్పుడే తినాలి, చల్లారితే పొడిపొడిగా గొంతులో పట్టేస్తుంది. దానితో ఇచ్చే క్లాటెడ్ క్రీమ్ మామూలు క్రీమ్ కాదు. కార్నిష్ (అంటే ఇంగ్లండ్‌లోని కార్న్‌వాల్ ప్రాంతపు) క్లాటెడ్ క్రీమ్ అని పేరు పెట్టి అమ్మాలంటే అందులో కనీసం 55 శాతం వెన్న కొవ్వు ఉండాలి, అందుకే అంత చిక్కగా, పైన పసుపు మీగడ కట్టి ఉంటుంది. దాని పక్క ప్రాంతమైన డెవన్ వాళ్ళు ముందు క్రీమ్ రాసి పైన జామ్ వేస్తారు, కార్న్‌వాల్ వాళ్ళు ముందు జామ్ వేస్తారు. రెండూ తిని చూశాను, నాకు జామ్ ముందు వేస్తేనే బావుంది, క్రీమ్ నేరుగా నాలుకకి తగులుతుంది.

ఎటువైపు వెళ్తున్నారన్నదాన్ని బట్టి కూడా టీ మారిపోతుందని ఎవరూ చెప్పరు. బ్రిటన్‌కీ న్యూయార్క్‌కీ మధ్య మామూలుగా అయిదు గంటల తేడా. పడమటికి వెళ్ళేటప్పుడు కొన్ని రోజుల్లో గడియారం గంట వెనక్కి జరుపుతారు, అంటే ఆ రోజుకి 25 గంటలు, హాయిగా నిద్రపోయి లేచి, తిని, మళ్ళీ ఆకలేసేదాకా టైమ్ ఉంటుంది. తూర్పుకి వచ్చేటప్పుడు మా ప్రయాణంలో మధ్యాహ్నం పన్నెండింటికే గంట ముందుకి జరిపారు. పన్నెండు కాస్తా ఒంటిగంట అయిపోయింది, లంచ్ చేసి లేచేసరికి టీ టైమ్ వచ్చేసినట్టే ఉండేది. కాబట్టి తూర్పు ప్రయాణమైతే ఆ రోజుల్లో లంచ్ సూప్‌తో సరిపెట్టుకోండి, లేకపోతే స్కోన్ మీద మనసు ఉన్నా కడుపు ఒప్పుకోదు.

సముద్రం చూస్తూ తాగాలనుకునేవాళ్ళకి ఓషియానియా కంపెనీ ఓడలు బావుంటాయి. వాటిలో టీ నాలుగింటికి హొరైజన్స్ లాంజ్‌లో, ఓడ పైన ముందు భాగంలో, ఎదురుగా పెద్ద పెద్ద అద్దాలు. వైకింగ్ కంపెనీ సముద్ర ఓడల్లో వింటర్‌గార్డెన్ అని చెక్క పందిరిలా కట్టిన వెలుతురు హాలు ఉంటుంది, అక్కడ మూడంతస్తుల స్టాండ్ మీద పెట్టి ఇస్తారు, పెద్ద హాలు సందడి గిట్టనివాళ్ళకి అది సరైన చోటు. ఒక్క సంగతి గుర్తుపెట్టుకోవాలి, ఏ ఓడలోనైనా పైన, ముందు వైపు ఉన్న గదుల్లో ఊపు ఎక్కువ తెలుస్తుంది. కడుపులో తిప్పే అలవాటు ఉన్నవాళ్ళు అలలు పెద్దగా ఉన్న రోజు కింది డెక్‌లో, ఓడ మధ్య భాగానికి దగ్గరగా కూర్చోవడం మంచిది. కప్పు కూడా సగమే పోయించుకోండి.

నిరాశపడిన చోటు కూడా ఉంది, ఆ ఓడ పేరు చెప్పను. బ్రోషర్‌లో ఆఫ్టర్‌నూన్ టీ అని గొప్పగా రాశారు, తీరా వెళ్తే బఫే మూలన ఒక టేబుల్, గట్టిపడిన కేకు ముక్కలు, మెషీన్‌లోంచి గోరువెచ్చని నీళ్ళు, పక్కన టీ బ్యాగుల డబ్బా. బ్లాక్ టీకి బాగా మరిగిన నీళ్ళు పడాలి, లేకపోతే రంగు వస్తుంది గానీ రుచి దిగదు. మర్నాడు కూడా వెళ్ళాను, అదే పరిస్థితి. అడిగితే ఒకబ్బాయి పాపం లోపలికి వెళ్ళి మరిగిన నీళ్ళు తెచ్చిచ్చాడు, తప్పు ఆ అబ్బాయిది కాదు, టీకి మనుషుల్ని కేటాయించని కంపెనీది. అందుకే బుక్ చేసేముందే ఒకటి అడగండి: టేబుల్ దగ్గరికి తెచ్చి వడ్డిస్తారా, మనమే తెచ్చుకోవాలా? కొన్ని కంపెనీల్లో మామూలు టీ ఉచితం, ప్రత్యేకమైన టీకి వేరే రుసుము ఉంటుంది, అదీ అప్పుడే తేలిపోతుంది.

సీ డే రోజు (ఓడ ఏ రేవులోనూ ఆగకుండా సముద్రం మీదే ఉండే రోజు) పావుగంట ముందు వెళ్ళి నిలబడితే గానీ మంచి టేబుల్ దొరకదు. ఆలస్యమైతే తెలియనివాళ్ళతో కలిసి కూర్చోబెడతారు, నాకది ఇష్టమే, మంచి కబుర్లు దొరికాయి. తొందర పడకుండా ఇద్దరే కూర్చోవాలంటే ఓడ రేవులో ఆగి ఉన్న రోజు రండి, అందరూ ఊళ్ళోకి వెళ్ళిపోతారు, హాలు సగం ఖాళీగా ఉంటుంది. శాకాహారులు, గ్లూటెన్ పడనివాళ్ళు ముందురోజు రాత్రి డిన్నర్ దగ్గరే చెప్పేస్తే విడిగా ప్లేటు చేసి ఉంచుతారు, అక్కడికక్కడ అడిగితే మాత్రం చాలాసేపు ఆగాల్సి వస్తుంది.