చర్చి సాఫ్ట్‌బాల్ టీమ్‌లో కొన్ని సీజన్లు ఆడాక: నా గోలంతా బ్యాటింగ్ వరస గురించే

సాఫ్ట్‌బాల్ అంటే బేస్‌బాల్ లాంటిదే, బంతి కొట్టి నాలుగు బేస్‌లూ చుట్టి వస్తే ఒక రన్. ఈ ఆటలో నన్ను పట్టి ఉంచింది ఒక్కటే. బ్యాటింగ్ మళ్ళీ వస్తుంది. అవుటైనా వస్తుంది, చెత్తగా ఆడినా వస్తుంది. డల్లాస్‌కి ఉత్తరాన ఒక బాప్టిస్ట్ చర్చి టీమ్‌లో కొన్నేళ్ళుగా ఆడుతున్నా. మగవాళ్ళ స్లో పిచ్ (బంతిని మెల్లగా పైకి లేపి వేసే పద్ధతి) లీగ్, మంగళవారం రాత్రులు. బుధవారం మ్యాచ్ పెట్టే ధైర్యం ఎవరికీ లేదు, ఆ సాయంత్రం ఇక్కడ చాలా చర్చిల్లో కూడిక ఉంటుంది. ఏ బ్యాట్ కొనాలి, ఏ షూస్ వేసుకోవాలి అన్నవి ఎవర్నడిగినా చెప్తారు కాబట్టి వాటి జోలికి పోవడం లేదు.

బ్యాటింగ్ మళ్ళీ రావడం ఏమంత విశేషం అనుకుంటే మీరు ఎప్పుడూ మంచి బ్యాట్స్‌మన్ అయ్యుంటారు. నేను ఒంగోల్లో పెరిగాను. మా కాలనీ వెనక ఖాళీ స్థలంలో మొదటి బంతికి క్లీన్ బౌల్డ్ అయితే ఇక ఆ సాయంత్రమంతా సర్కారు తుమ్మ కంపల్లోంచి బంతి ఏరి తేవడమే పని, అదీ బ్యాట్ ఎవడిదో వాడు ఇంటికి పోయేవరకు. ఇక్కడికొచ్చాక కూడా వారాంతం క్రికెట్ లీగుల్లో ఆడాను, మనవాళ్ళ టీములకు డల్లాస్‌లో కొదవేం లేదు. శనివారం పొద్దున్నే బయల్దేరి, నలభై ఓవర్లు ఎండలో ఫీల్డింగ్ చేసి, ఎనిమిదో నంబర్లో దిగి, రెండు బంతులాడి ఎల్బీ అయి, సాయంత్రం ఇంటికొస్తే మా ఆవిడ "ఎన్ని కొట్టారు?" అని అడిగేది. కొన్నాళ్ళకి అడగడం మానేసింది, అది ఇంకా బాధ.

సాఫ్ట్‌బాల్లో అలా కాదు. పెళ్ళి భోజనాల్లో వడ్డించేవాడు వరస చివరిదాకా పోయి మళ్ళీ మన విస్తరి దగ్గరికి వచ్చినట్టు, ఆర్డర్ తిరిగి మన దగ్గరికే వస్తుంది. రెగ్యులర్ సీజన్లో మా కోచ్ ఆ రోజు వచ్చిన అందరి పేర్లూ లైనప్‌లో రాసేస్తాడు. ఫీల్డింగ్‌కి పదిమందే దిగుతారు, బ్యాటింగ్ మాత్రం పదమూడు మందీ పద్నాలుగు మందీ చేస్తారు. మొదటిసారి ఇన్‌ఫీల్డ్‌లోనే గాల్లోకి లేపి అవుటై, తల దించుకుని డగౌట్‌కి (మావాళ్ళు కూర్చునే చోటికి) వస్తుంటే "ఇంకోటుందిలే" అన్నాడొకడు. ఓదార్పుకి అన్నాడనుకున్నా. నిజంగానే ఇంకోటి ఉంది.

అలాగని క్రికెట్ వచ్చినవాడికి ఇది తేలిక అనుకోవద్దు. బంతి కింద పడి లేవదు కదా, కనీసం ఆరడుగులు, ఎక్కువలో ఎక్కువ పదడుగుల ఎత్తున గాల్లో వంపు తిరిగి పైనుంచి దిగుతుంది. కొట్టకపోతే ప్లేట్ (బ్యాటర్ పక్కన నేల మీదుండే పలక) వెనకున్న మ్యాట్ మీద పడాలి. పడితే స్ట్రైక్, మూడు స్ట్రైకులకి అవుట్. పడకపోతే బాల్, నాలుగు బాల్స్‌కి వాక్, అంటే కొట్టకుండానే మొదటి బేస్‌కి పోవచ్చు. రాత్రి మ్యాచ్‌లో బంతి పైకెళ్ళినప్పుడు ఒక్క క్షణం ఫ్లడ్‌లైట్లో కలిసిపోయి, మళ్ళీ కనబడేసరికి మీద ఉంటుంది. అది కూడా అలవాటవుతుంది, అలవాటు కానిది ఫౌల్, అంటే పక్క గీతల బయటికో వెనక్కో పోయే బంతి. నాకు జీవితంలో వచ్చిన పరుగుల్లో సగం లేట్ కట్, మిగతా సగం లెగ్ గ్లాన్స్. ఇక్కడ రెండూ ఫౌలే. పైగా మా లీగ్‌లో టైమ్ కలిసొస్తుందని ప్రతి బ్యాటర్‌కీ కౌంట్ ఒక బాల్, ఒక స్ట్రైక్‌తో మొదలుపెడతారు, రెండు స్ట్రైకులు పడ్డాక ఫౌల్ కొడితే అవుట్. అంటే నేను నేర్చుకున్న అందమైన షాట్లన్నీ నన్ను అవుట్ చేయడానికే పనికొస్తాయి.

క్యాచింగ్ మాత్రం మనవాళ్ళకి కొట్టిన పిండి. కానీ గ్లవ్ చేతికి తొడుక్కుని ఉత్త చెయ్యి ముందుకు చాపే జబ్బు పోవడానికి నాకు ఒక సీజన్ పట్టింది. షికాగో వైపు 16 అంగుళాల పెద్ద బంతితో గ్లవ్ లేకుండా ఆడతారు, నేను అక్కడ దిగాల్సిందేమో.

టీమ్ గురించి కాస్త చెప్పాలి. మాకు బంతి వేసే పిచ్చర్‌కి డెబ్బైకి దగ్గర పడ్డాయి. పేరు పెట్టి పిలవమంటారు, నాకు నోరు రాదు. "సార్" అంటాను, టెక్సాస్ కాబట్టి అదీ చెల్లిపోతుంది. మొదట్లో ఒకరోజు డగౌట్‌లో నా పక్కన కూర్చుని "మరి నువ్వు ఈ దేశానికొచ్చాక నమ్ముకున్నావా?" అని చాలా మర్యాదగా అడిగారు. మాది నాలుగు తరాల బాప్టిస్టు కుటుంబం సార్ అన్నాను. నమ్మలేదు. 1878 జులై 3న ఒంగోలు దగ్గర గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారని, అది అమెరికన్ బాప్టిస్టుల మిషనేనని, నెల్లూరులో మొదలైన ఆ మిషన్‌ని అప్పట్లో మీవాళ్ళే 'లోన్ స్టార్' అని పిలిచేవారని చెప్పాను. టెక్సాస్‌వాడికి లోన్ స్టార్ అంటే ఊరుకుంటాడా! ఆ రాత్రి రెండు టీములకీ అదే కథ చెప్పారు. ఇప్పటికీ కొత్తవాళ్ళెవరొచ్చినా నన్ను పిలిచి ఆ అంకె చెప్పిస్తారు.

ఇంతవరకు చదివి వెంటనే చేరిపోదామనుకునేవాళ్ళు ఈ టోర్నమెంట్ సంగతి కూడా వినాలి.

సీజన్ చివర్లో, ఆగస్టులో, ఒక శనివారం నాకౌట్ పెడతారు. ఓడితే ఇంటికే. ఆ ఏడాది మేం బాగా ఆడుతున్నాం. పొద్దున వెళ్ళి చూస్తే డగౌట్ కంచెకి టేపుతో అంటించిన లైనప్ కాగితం మీద పది పేర్లు, కింద ఒక గీత, గీత కింద మూడు పేర్లు. నాది, కాలేజీ అయిపోయి అప్పుడే చేరిన ఒక కుర్రాడిది, ఇన్సూరెన్స్ పని చేసే ఇంకొకాయనది. అందర్నీ బ్యాటింగ్‌కి దింపడం అనేది రూల్ కాదని, అది కోచ్ ఇష్టమని నాకప్పుడే తెలిసింది. ఇన్నేళ్ళూ అది ఆటలోనే ఉందనుకున్నా.

కోచ్ కాసేపు మా వైపు చూడకుండా బంతుల సంచీ సర్దాడు. తర్వాత వచ్చి, పిచ్చర్ గారికి మోకాలి ఆపరేషన్ ఉందని, ఇదే ఆయన చివరి సీజన్ అని, ఆయన కోసమైనా ఈసారి గెలవాలని చెప్పాడు. దానికి ఏమంటాం? సరే అన్నాం. ప్రార్థన చేసుకుని వచ్చినవాడితో చర్చి గ్రౌండులో గొడవేం పెట్టుకుంటాం.

మొదటి మ్యాచ్ గెలిచారు. గెలిచారు అనే రాస్తున్నా, గెలిచాం అని రాయబుద్ధి కావడం లేదు. మేం ముగ్గురం బ్యాట్లందించాం, ఫౌల్ బంతులు తెచ్చాం, నేను స్కోరు రాశాను. ముప్పై ఎనిమిది డిగ్రీల ఎండలో రేకుల కింద కూర్చుని వేరేవాళ్ళు కొట్టిన రన్లు పెన్సిల్‌తో రాస్తుంటే అచ్చంగా ఒంగోలే గుర్తొచ్చింది.

రెండో మ్యాచ్ నాలుగో ఇన్నింగ్స్‌లో మా లెఫ్ట్ సెంటర్ ఆడేవాడు రెండో బేస్‌కి పరిగెత్తుతూ తొడ పట్టేసి పడిపోయాడు. అతని చోట ఎవరో ఒకరు దిగాలి. కోచ్ ముగ్గురినీ మార్చి మార్చి చూసి నన్ను పంపాడు. నా బ్యాటింగ్ చివరి ఇన్నింగ్స్‌లో వచ్చింది. రెండు అవుట్లు (మూడైతే ఇన్నింగ్స్ అయిపోతుంది), మొదటి బేస్ మీద ఒకడు, రెండు రన్లు వెనకబడి ఉన్నాం. మొదటి బంతి ప్లేట్‌కి ముందే పడింది, రెండోది మ్యాట్ దాటి పోయింది. మూడోది లైట్లలేని పట్టపగలు కూడా నాకు సరిగ్గా కనబడలేదు, మ్యాట్ అంచున పడింది, స్ట్రైక్. ఇప్పుడు మూడు బాల్స్, రెండు స్ట్రైకులు. ఫౌల్ కొట్టానా అయిపోయింది. అవతలి పిచ్చర్ వేసిన బంతి కొంచెం బయటికి దిగుతోంది, లేట్ కట్‌కి ఇంతకన్నా మంచి బంతి దేవుడు ఇవ్వడు, చేతులు వాటంతటవే కదులుతున్నాయి. బిగబట్టుకుని వదిలేశాను. నాలుగో బాల్. వాక్.

మొదటి బేస్ దగ్గర నిలబడ్డాను. తర్వాతివాడు లెఫ్ట్ ఫీల్డ్‌లోకి లేపాడు, పట్టేశారు. అయిపోయింది. అంటే ఆ రోజంతా కూర్చుని, ఒక్కసారి బ్యాటింగ్‌కి వెళ్ళి, బ్యాట్ ఊపకుండా వచ్చేశానన్నమాట.

మ్యాచ్ అయ్యాక రెండు టీములూ పిచ్చర్ నిలబడే చోట గుండ్రంగా చేతులు పట్టుకుని ప్రార్థన చేస్తాయి. మా కోచ్ చేశాడు. ఈ రోజు మైదానంలోకి వచ్చిన ప్రతి సహోదరుని కోసం, ప్రతి ఒక్కరికీ దొరికిన అవకాశం కోసం వందనాలు ప్రభువా అన్నాడు. 'ప్రతి ఒక్కరికీ' అన్న దగ్గర నా చెయ్యి పట్టుకున్న ఇన్సూరెన్స్ ఆయన ఒక్క నొక్కు నొక్కాడు. కళ్ళు తెరిచి చూస్తే ఆయన అప్పటికే తెరిచి ఉన్నాడు, అటు చివర కుర్రాడు కూడా. ముగ్గురం నవ్వు ఆపుకోలేక ఆమేన్ కాస్త గట్టిగా అనేశాం.

నవ్వానన్న మాటే గానీ ఆ కోపం పోవడానికి నెలలు పట్టింది. ఇప్పటికీ కొంచెం ఉంది. కోచ్ చెడ్డవాడు కాదు, గ్రౌండు బుక్ చేసేది, నీళ్ళ డబ్బా మోసుకొచ్చేది, మెరుపులు మెరిసి ఆట ఆగితే అరగంట కార్లో కూర్చుని అందరికీ మెసేజ్‌లు పెట్టేది అతనే. కాకపోతే సీజనంతా ఒక మాట, ఆఖరి రోజు ఇంకో మాట అయితే నాలాంటివాడు ఏం చేయాలి?

ఇంకా విడ్డూరం, పిచ్చర్ గారు ఆపరేషన్ చేయించుకుని మరుసటి ఏడాది మళ్ళీ వచ్చేశారు. ఎవరి చివరి సీజన్ అని మమ్మల్ని కూర్చోబెట్టారో ఆయనే, కొత్త మోకాలితో. ఒకరోజు మాటల్లో ఆ లైనప్ సంగతి చెప్తే "నా కోసమా? నన్నెవరడిగారు?" అని నిజంగానే నొచ్చుకున్నారు. ఆయన చెప్పాకే అనుకుంటా, కోచ్ గ్రూపులో ఓటింగ్ పెట్టాడు, టోర్నమెంట్‌లో పదిమందా, అందరూనా అని. అందరూ అన్నదే నెగ్గింది. ఆ ఆగస్టులో మొదటి మ్యాచ్‌లోనే ఐదు ఇన్నింగ్స్‌లకి పది రన్ల తేడాతో మెర్సీ రూల్ (తేడా మరీ ఎక్కువైతే ఆట అక్కడితో ఆపేయడం) కింద మమ్మల్ని ఇంటికి పంపారు. నాకు రెండుసార్లు బ్యాటింగ్ వచ్చింది, ఒకటి మొదటి బేస్‌కీ రెండో బేస్‌కీ మధ్యలోంచి నేల మీద దూసుకెళ్ళింది. మా థర్డ్ బేస్ ఆడేవాడికి ఇది నచ్చక ఇంకో చర్చి టీమ్‌కి మారాడు. లీగ్ రూల్ ప్రకారం ఏ టీమ్‌కి ఆడితే ఆ చర్చికి నెలకి రెండుసార్లయినా వెళ్ళాలి కాబట్టి ఇప్పుడు ఆదివారాలు కూడా అక్కడే కనబడుతున్నాడట.

బ్యాటింగ్ మళ్ళీ వస్తుంది అని పైన అంత సంబరంగా రాశాను గానీ, ఎన్నిసార్లు వస్తుందో కూడా చెప్పాలి. ఆటకి గంటే టైమ్. పద్నాలుగు మంది వస్తే రెండుసార్లు, అదృష్టం బాగుంటే మూడోసారి. పదకొండు మందే వచ్చిన రాత్రి మూడు ఖాయం, నాలుగు కూడా పడొచ్చు. అందుకే ఎవరికైనా ఆఫీసులో పనుంది, రావడం లేదు అని మెసేజ్ వస్తే "అయ్యో" అని పెట్టి లోపల సంతోషిస్తుంటాను. చర్చి లీగ్ కదా, అందరూ శాంతంగా ఉంటారనుకుంటే అదీ పొరపాటే. బూతులు ఉండవు, అంతే. అంపైర్ మీద అరుపులు మాత్రం నేను చూసిన ఏ క్రికెట్ మ్యాచ్‌కీ తీసిపోవు, ఆదివారం కానుక పళ్ళెం పట్టుకునే పెద్దమనుషులే ముందుంటారు.

చేరాలా వద్దా అంటే, నా పరిస్థితి వేరు. నలభై దాటాయి, శనివారాలు పిల్లల క్లాసులకే పోతాయి, మంగళవారం ఒక్క గంట దొరకడమే ఎక్కువ. ఆదివారం పొద్దున ఇంగ్లిష్ ఆరాధనకి ఎలాగూ అక్కడికే వెళ్తాం కాబట్టి ఆ హాజరు రూల్ నాకు బరువు కాదు. మధ్యాహ్నం జరిగే తెలుగు సంఘానికి మాత్రమే వెళ్ళేవాళ్ళకి రెండూ కుదరకపోవచ్చు. ఆఫీసులో నిజామాబాద్ స్నేహితుడొకడు బ్రహ్మాండంగా ఆడతాడు, హాజరు సంగతి చెప్పగానే "మీ దేవుడితో నాకు పేచీ లేదన్నా, ఆదివారం పొద్దున నిద్రతోనే" అని ఊరుకున్నాడు. అలాంటివాళ్ళకి సిటీ పార్కులవాళ్ళు నడిపే మామూలు లీగులున్నాయి. క్రికెట్లో టాప్ ఆర్డర్‌లో ఆడుతున్నవాళ్ళకి దీనితో పనే లేదు.

చేరేటట్టయితే కోచ్‌ని ముందే అడగండి, టోర్నమెంట్‌లో ఎంతమందిని బ్యాటింగ్‌కి దింపుతావని. మావాళ్ళు ఫిబ్రవరి చివర్లో పేర్లు తీసుకుంటారు. ఎడమచేత్తో విసిరేవాళ్ళు గ్లవ్ ఇప్పట్నుంచే వెతుక్కోండి, పాత సామాన్ల షాపుల్లో వాళ్ళకి సరిపోయేవి అరుదుగా దొరుకుతాయి.