నత్తలకి కాపర్ టేప్ - నాలుగు నెలలు వాడాక నా రివ్యూ

ముందే చెప్పేస్తా, నత్తలు ఎక్కకుండా చుట్టూ అంటించే ఈ రాగి పట్టీని కుండీలు ఉన్నవాళ్లు కొనుక్కోవచ్చు, నేల మీద మడులకైతే డబ్బులు దండగ. 5కి 3 స్టార్లు ఇచ్చా. ఆ మూడు కూడా ఎందుకిచ్చానో కింద చదవండి, ఎందుకంటే మా ఇంట్లో నత్తలు తగ్గింది ఒక్క టేప్ వల్ల కాదు.

మాది విజయవాడ సింగ్ నగర్ వైపు. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు నీళ్లు వచ్చినప్పుడు పెరడంతా పోయింది, కొబ్బరి చెట్టు ఒక్కటే మిగిలింది. పోయిన వేసవిలో ఒక ట్రక్కు మట్టి తోలించి పశువుల ఎరువు కలిపి మళ్లీ మడులు కట్టాం, తోటకూర, బచ్చలి, గోంగూర, కుండీల్లో వంగ టమాటా మిరప. నత్తలు ఆ మట్టిలోనే గుడ్లుగా వచ్చాయని నా అనుమానం. జూలైలో నాలుగు వానలు పడ్డాయో లేదో ఒక పొద్దున లేచి చూస్తే తోటకూర మడి మొత్తం కాడలే! అత్తయ్యగారు "మేక పడిందేమోనమ్మా, గేటు వేశావా రాత్రి" అన్నారు, గేటు వేసే ఉంది, తర్వాత గోడ మీద తళతళా మెరిసే జిగురు చారలు చూశాక అర్థమైంది.

ఆ రాత్రి తొమ్మిదిన్నరకి ఫోన్ టార్చ్ పట్టుకుని వెళ్లి చూస్తే గుండె ఆగినంత పనైంది, అరచేయంత నత్తలు బచ్చలి పాదు మీద గుత్తులు గుత్తులుగా ఉన్నాయి. ఇవి ఆఫ్రికా నత్తలు, 1847లో ఎవరో దొర మారిషస్ నుంచి కలకత్తా తెచ్చి వదిలితే దేశమంతా పాకాయట. వాటితో పాటు పెంకు లేని నల్లటివి కూడా ఉన్నాయి, స్లగ్స్ అంటారు, అత్తయ్యగారు జలగలనుకుని భయపడ్డారు గానీ అవి రక్తం తాగవు, ఆకులే తింటాయి, లేత నారు అంటే ప్రాణం వాటికి.

మర్నాడు మా ఆయన పురుగుమందుల షాపుకెళ్తే మెటాల్డిహైడ్ గుళికల ప్యాకెట్ చేతిలో పెట్టారు. అది పని చేస్తుంది, కాదనను, పొలాల్లో వాడతారు. కానీ మా ఇంట్లో మూడేళ్ల బాబు ఉన్నాడు, టామీ ఉంది. ఆ గుళికల్లో నత్తలు రావాలని తినే పదార్థం కలుపుతారు, ఆ వాసనకి కుక్కలు కూడా వస్తాయి, తింటే వణుకు, ఫిట్స్ వచ్చి ప్రాణం మీదకి వస్తుంది, దానికి ప్రత్యేకంగా విరుగుడు మందు కూడా లేదు. బ్రిటన్‌లో 2022 నుంచి ఆరుబయట వాడటమే నిషేధించారు. మా పెరటికి ఒక జెముడు కాకి రోజూ వస్తుంది, నత్తల్ని పెంకు పగలగొట్టి తింటుంది, మందు మింగిన నత్తని అది తింటే ఏమవుతుందో అని కూడా నాకు భయమేసింది. ప్యాకెట్ తెరవకుండానే వెనక్కి ఇచ్చేయమన్నా.

అప్పుడు ఆన్‌లైన్‌లో ఈ కాపర్ టేప్ చూశా. 25 మిల్లీమీటర్ల వెడల్పు, 10 మీటర్ల రోల్, నాకు 549 రూపాయలు పడింది. నత్త ఒంటి జిగురు రాగికి తగిలితే దానికి చిన్న షాక్ కొట్టినట్టు ఉండి వెనక్కి తిరుగుతుందని ప్యాకెట్ మీద రాశారు. మందు లేదు విషం లేదు అని ఆర్డర్ పెట్టేశా.

లెక్క ముందే చూసుకోండి, 12 అంగుళాల కుండీకి చుట్టూ ఒక మీటరు పడుతుంది, అంటే రోల్‌కి పది కుండీలే. కానీ ఒక్క వరస చాలదు, స్లగ్స్ ఆగాయి గానీ పెద్ద నత్త ఒళ్లు సాగదీసి 25 మిల్లీమీటర్లు అలవోకగా దాటేసింది, నా కళ్లతో చూశా. రెండు వరసలు పక్కపక్కన వేస్తే అప్పుడు ఆగింది, కాబట్టి రోల్‌కి ఐదు కుండీలు అనుకోండి. సిమెంట్ కుండీలకి దుమ్ము తుడిచి బాగా ఆరాక అంటించాలి, లేదంటే రెండో వానకే ఊడుతుంది. గ్రో బ్యాగులకి అసలు అంటుకోదు. అంచులు బ్లేడులా ఉంటాయి, నా బొటనవేలు తెగింది, పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి.

ఇంకో తప్పు చేశా, మీరు చేయొద్దు. కుండీలో మట్టి చూడకుండానే టేప్ చుట్టేశా. లోపల ముందే రెండు నత్తలున్నాయి, అవి బయటికి పోకుండా హాయిగా వంగ నారు మొత్తం తినేశాయి. ముందు మట్టి పైపైన గుల్ల చేసి, కుండీ ఎత్తి అడుగున కూడా చూసి, గుడ్లుంటే తీసేసి, అప్పుడు చుట్టండి. గుడ్లు సగ్గుబియ్యం లాగా లేత పసుపు రంగులో కుప్పగా ఉంటాయి, ఒక్కో కుప్పలో వందకి పైనే. కుండీ ఆకులు గోడకి గానీ పక్క కుండీకి గానీ తగలకూడదు, తగిలితే ఆకు మీద నుంచే దిగిపోతాయి.

మడుల సంగతి వేరే. మడి చుట్టూ ఇటుకల మీద అంటించా, వారానికే మట్టి చిమ్మి టేప్ కనపడకుండా పోయింది, దాని మీద నుంచి మామూలుగా నడిచి వెళ్లాయి. తర్వాత చదివితే తెలిసింది, బ్రిటన్ రాయల్ హార్టికల్చరల్ సొసైటీ వాళ్లు 2018లో కాపర్ టేప్, కోడిగుడ్డు పెంకులు, ఇంకా మూడు రకాల అడ్డుగోడలు పెట్టి లెట్యూస్ మీద పరీక్ష చేస్తే దేనివల్లా నష్టం తగ్గలేదట. మరి నా కుండీల్లో ఎందుకు తగ్గింది అంటే, అదే టైములో రోజూ నత్తల్ని ఏరడం కూడా మొదలుపెట్టా, నిజం చెప్పాలంటే ఎక్కువ క్రెడిట్ దానిదే.

అది ఎలాగంటే, సాయంత్రం పాత గోనె సంచి తడిపి మడి పక్కన పరిచి దాని కింద నాలుగు బొప్పాయి ఆకులు వేస్తా. తెల్లారి ఆరింటికి సంచి ఎత్తితే అన్నీ అక్కడే చల్లగా ముడుచుకుని ఉంటాయి. మొదటి రోజు 43 ఏరా, పన్నెండో రోజుకి 9, ఇప్పుడు రెండు మూడు. బకెట్ నీళ్లలో రెండు గుప్పెళ్ల కల్లుప్పు కలిపి అందులో వేసి, చచ్చాక గుంట తీసి పూడ్చేస్తాం, ఆ నీళ్లు మాత్రం మొక్కల దగ్గర పోయం. మామయ్యగారు "మడి మీదే ఉప్పు చల్లేస్తే పోలా" అన్నారు, వద్దని బతిమాలా, ఉప్పు మట్టిలో చేరితే మొక్కే బతకదు. మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) చల్లమని కూడా ఒకాయన చెప్పారు, ఆ రాగి మట్టిలోనే పేరుకుపోతుంది, పిల్లలు తిరిగే పెరట్లో నాకు ఇష్టం లేదు. కట్టెల బూడిద పొడిగా ఉన్నంత సేపు బాగానే ఆపింది, వాన పడితే మళ్లీ చల్లుకోవాలి.

చేత్తో మాత్రం పట్టుకోకండి ప్లీజ్. ఈ నత్తల్లో ఎలుకల నుంచి వచ్చే ఒక పురుగు ఉండొచ్చు, అది మనిషి లోపలికి పోతే మెదడు పొరలకి వాపు తెస్తుంది. గ్లౌజులు లేకపోతే పాలిథిన్ కవర్ తొడుక్కోండి, తర్వాత సబ్బుతో చేతులు కడుక్కోండి. తోటకూర ఎలాగూ ఉడికిస్తాం, పచ్చిగా వాడే కొత్తిమీర పుదీనాలే భయం, ఒక్కో రెమ్మ విడదీసి పారే నీళ్లలో కడుగుతున్నా ఇప్పుడు.

నీళ్లు పోసే టైమ్ కూడా మార్చా. వేసవి అలవాటు కొద్దీ సాయంత్రం పోసేదాన్ని, రాత్రంతా నేల తడిగా ఉంటే వాటికి పండగే కదా, ఇప్పుడు పొద్దున్నే పోస్తున్నా, తేడా స్పష్టంగా కనపడింది. మడి పక్కన పేర్చిన పాత ఇటుకలు, ఎండుటాకుల కుప్ప కూడా తీయించేశా, పగలు అవి దాక్కునేది అక్కడే.

మందు తప్పదనుకునేవాళ్లు ఐరన్ ఫాస్ఫేట్ గుళికలు దొరుకుతాయేమో అడగండి. అది తిన్న నత్త మేత మానేసి ఎక్కడో దాక్కుని కొన్ని రోజుల్లో చస్తుంది, కళ్లముందు శవాలు కనపడవు కాబట్టి పని చేయట్లేదనుకోకండి. మెటాల్డిహైడ్ కన్నా చాలా నయం, అయినా డబ్బా పిల్లలకీ కుక్కకీ అందకుండా పైన పెట్టండి, కుప్పలుగా పోయకుండా పలచగా చల్లండి.

రోల్‌లో ఇంకా రెండు మీటర్లు మిగిలింది, నెల రోజులుగా నల్లబడుతోంది కాబట్టి కుండీల మీద ఉన్నదాన్ని వెనిగర్ గుడ్డతో తుడిచి చూస్తున్నా. మిగిలిన ముక్క మిరప నారు కుండీకి చుడతా. తోటకూర మళ్లీ జానెడు వచ్చింది, నిన్న పప్పులో వేశాం.