కోడూరు, కొత్తపట్నం, పులికాట్: గాలివాలుకు ఏది మేలు?

గాలిని వీపున పెట్టుకుని తెడ్డు వేయడం మొదలుపెట్టి నాకిది నాలుగో ఏడు. పన్నెండడుగుల ప్లాస్టిక్ కయాక్ (ఒక్కరు కూర్చుని తెడ్డుతో నడిపే సన్నటి పడవ), తెడ్డు, లైఫ్ జాకెట్, అవతలి ఒడ్డుకు కారు తెచ్చిపెట్టే తోడల్లుడు: నా సరంజామా ఇంతే. వీటిలో దొరకడం కష్టమైనది చివరిదే. గాలివాలున వెళ్ళినవాడు అదే గాలికి ఎదురు తెడ్డు వేసి తిరిగి రాలేడు. అందుకే నేను ఏ దారికైనా మార్కులు వేసేటప్పుడు మధ్యలో వచ్చే అలలతో పాటు దిగే చోటును కూడా చూస్తాను.

మొదట మా నెల్లూరు వైపు దారి. కోడూరులో పడవ దించి ఉత్తరంగా మైపాడుకు. మార్చి నుంచి మే వరకు మధ్యాహ్నం దాటాక దక్షిణం నుంచి పైరగాలి లేస్తుంది. ఇక్కడ తీరం దాదాపు ఉత్తర దక్షిణాలుగా సాగుతుంది కాబట్టి ఆ గాలి ఒడ్డు వెంబడే నెడుతుంది. ఆ నెలల్లో తీరం పక్కన నీటి ప్రవాహం కూడా ఉత్తరానికే. రెండూ కలిసొస్తే చేయి వేసి తోసినట్టు ఉంటుంది. అలలు విరిగే వరుసను దాటి లోపలికి వెళ్ళాలి, అసలు ఆట అక్కడే. వెనక నుంచి అల వచ్చి పడవ తోకను ఎత్తుతుంది, ముక్కు ముందున్న గుంటలోకి వాలుతుంది. సరిగ్గా ఆ క్షణంలో నాలుగు తెడ్లు బలంగా వేస్తే పడవ అల మీద జారిపోతుంది. ఒక్క క్షణం ఆలస్యమైతే అల కిందనుంచి దాటిపోతుంది, మనం మిగిలిపోతాం. మొదటి ఏడాదంతా నేను మిగిలిపోయినవాడినే. గాలి గంటకు పాతిక కిలోమీటర్లకు చేరి నీటి మీద తెల్లటి నురగలు కనిపిస్తుంటే బయలుదేరతాను. అంతకన్నా తక్కువైతే చేతులు నొప్పెట్టడమే మిగులుతుంది.

ఇంత మంచి దారికి మైపాడు ఒడ్డు పెద్ద దెబ్బ. అల సరిగ్గా ఒడ్డు దగ్గరకొచ్చి ఒక్కసారిగా కూలుతుంది. రెండుసార్లు బోల్తాపడ్డాను. రెండోసారి కళ్ళజోడును సముద్రానికి సమర్పించుకుని, కారు దగ్గరకు తోడల్లుడి చేయి పట్టుకుని నడిచాను. ఆదివారం అయితే జనం మోకాళ్ళ లోతులో నిలబడి ఉంటారు, వాళ్ళ మధ్యకు పడవతో రావడం నేరం. కాస్త దక్షిణంగా, ఫైబర్ పడవలు లాగి పెట్టే చోట దిగడం మేలు. పదికి ఎనిమిది. తగ్గించిన రెండూ ఆ ఒడ్డుకే.

ఇంకో సంగతి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పు తీరంలో చేపల వేట నిషేధం. మరపడవలు కదలవు. అంటే గాలి బాగున్న రోజుల్లో సగం రోజులు, మీకేమైనా అయితే చూసేవాళ్ళు నీటి మీద ఉండరు. ఆ రెండు నెలల్లో నేను ఒంటరిగా వెళ్ళను. జూన్, జూలైలలో పడమటి గాలి వీచేటప్పుడు అసలే వెళ్ళను. అప్పుడు ఒడ్డు పక్కన నీళ్ళు నూనె పోసినట్టు ఉంటాయి, చూస్తే ఎవరికైనా దిగాలనిపిస్తుంది. దిగితే ఆ గాలి సముద్రం లోపలికి నెట్టేస్తుంది, పావుగంటలో ఒడ్డు చిన్నదైపోతుంది. కోడూరులో వల బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయన నా పడవను చూసి, "ఈ గాలికి దీన్ని దించకండి సార్, ఇది మిమ్మల్ని తీసుకుపోతుంది గానీ తీసుకురాదు" అన్నారు. ఆ రోజు కారు మీద కట్టిన పట్టీలు విప్పకుండానే ఇంటికి వచ్చాను.

రెండోది ఒంగోలు వైపు, ఈతముక్కల నుంచి కొత్తపట్నానికి. అక్కడి స్నేహితులు తెగ పొగిడితే వెళ్ళాను. నాకు అంతగా నచ్చలేదు. తీరం ఈశాన్యానికి ఒరిగి ఉండటం వల్ల దక్షిణపు గాలి నేరుగా వీపున తగలదు, కుడి పక్క నుంచి తోస్తుంది. పడవ ముక్కు మాటిమాటికీ గాలివైపు తిరుగుతుంటే కుడి పక్కనే తెడ్డు వేస్తూ ఉండాలి. మర్నాడు కుడి భుజంతో తల దువ్వుకోలేకపోయాను. పైగా అలివి వలలు. ఒడ్డు నుంచి లాగే తాడు నీటిలో కనిపించదు, దూరాన బెండ్లు మాత్రం తేలుతుంటాయి. వాళ్ళు వల లాగుతుంటే మనం చుట్టు తిరిగి పోవాల్సిందే, అది వాళ్ళ కూడు. పదికి ఆరు. మా తోడల్లుడు మాత్రం కొత్తపట్నానికే ఎక్కువ మార్కులు వేశాడు. ఒడ్డున దొరికిన వేపుడు చేపల మహిమ అది.

మూడోది పులికాట్ సరస్సు. 2022లో ఆ సరస్సు పక్కనున్న సూళ్ళూరుపేట, తడ తిరుపతి జిల్లాకు వెళ్ళిపోయినా, చిన్నప్పటి నుంచి నెల్లూరు జిల్లా అని చదువుకున్న నోటికి ఇంకా తిరగలేదు. చలికాలంలో ఈశాన్యపు గాలికి ఇరకం దీవి నుంచి పడమరగా భీములవారిపాలెం రావడం నాకు తెలిసిన అన్ని దారుల్లోకి నెమ్మదైనది. పెద్ద అలలుండవు. లోతు చాలాచోట్ల నడుముకు మించదు, తెడ్డు బురదను తాకుతుంది. ఇది పక్షుల అభయారణ్యం, సొంత పడవ దించే ముందు అటవీశాఖ వాళ్ళను అడగాలి, రాజహంసల గుంపు కనిపిస్తే దూరంగా తప్పుకోవాలి. అల మీద జారే సరదా కోరేవాళ్ళు ఇక్కడికి రావద్దు. నేను ఏడు మార్కులే వేస్తాను, కానీ ఏటా వెళతాను.

పోయిన జనవరిలో సగం దారిలో ఉండగా వెనక నుంచి ఒక చెక్క పడవ వచ్చింది. అతుకుల తెరచాప, చుక్కాని దగ్గర ఒక ముసలాయన. నేను చెమటలు కక్కుతుంటే ఆయన బీడీ ముట్టించుకుంటూ నన్ను దాటిపోయారు. దాటేటప్పుడు నా పడవను, తెడ్డును, లైఫ్ జాకెట్‌ను తీరిగ్గా చూసి, "ఇంత గాలి పెట్టుకుని ఆ కష్టమెందుకయ్యా? ఒక గుడ్డ కట్టుకోరాదూ?" అన్నారు.

జవాబు ఆలోచించేలోపు వినిపించనంత దూరం వెళ్ళిపోయారు.