“మీరు చూసుకునే తీసుకున్నారు కదండీ”: కొత్తలాంటి సెకండ్ హ్యాండ్ కారు కొనేవాళ్లు జాగ్రత్త

అమ్మినవాళ్ల పేరు రాయడం లేదు. రాయాల్సిన పని కూడా లేదు, ఎక్కడికెళ్లినా అవే మాటలు. సింగిల్ ఓనరు, ఎనిమిది నెలల బండి, తొమ్మిది వేల కిలోమీటర్లు కూడా తిరగలేదు, షోరూమ్ కండిషన్, సాయంత్రం ఇంకో పార్టీ చూడ్డానికి వస్తోంది. ఆ మాటల మీద డబ్బంతా కట్టేసి తెచ్చుకున్న బండి ఒకటి ఇప్పుడు లిఫ్ట్ మీద ఉంది.

డిక్కీ కార్పెట్ ఎత్తి స్టెప్నీ బయటకు తీస్తే కింద గుంత కనిపిస్తుంది కదా, అక్కడ బయటపడింది. ఫ్యాక్టరీ రేకు మీద అచ్చు ఒత్తిన గాడులు తిన్నగా, పదునుగా ఉంటాయి. ఈ బండిలో కుడివైపు గాడులు అలాగే ఉన్నాయి, ఎడమవైపు మాత్రం సుత్తి దెబ్బలకి రేకు అలలు తేలింది. దాన్ని కప్పడానికి నల్లటి అండర్‌కోట్ బ్రష్షుతో పూశారు. బ్రష్షు వెంట్రుక ఒకటి ఆ పూతలోనే అంటుకుని ఎండిపోయింది. కుడివైపు అతుకు మీద సీలెంట్ మిషన్ వేసినట్టు ఒకే మందంలో గీతలా ఉంది. ఎడమవైపు వేలితో పూసింది, వేలి ముద్రలు కూడా కనిపిస్తున్నాయి. వెనక నుంచి గట్టిగా గుద్దించుకున్న బండి ఇది. లాగి, కొట్టి, అతికించి, రంగేసి “గీత కూడా పడలేదు” అని అమ్మారు.

ఫోటోలు తీసి అమ్మినాయనకి పంపి ఫోన్ చేస్తే వచ్చిన జవాబు పైన రాసిందే. “మీరు చూసుకునే తీసుకున్నారు కదండీ.” గొంతు కూడా పెంచలేదు. రెండు రోజుల ముందు ఇదే మనిషి “అన్నా, మన బండి అనుకోండి, నాదీ పూచీ” అన్నాడు. కొనేవాళ్లు ఒక్క గంట మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లి చూపించుకుంటాం అంటే “అలా బయటకు ఇవ్వం, అంత అనుమానం ఉంటే వదిలేయండి, తీసుకునేవాళ్లు ఉన్నారు” అని తేల్చేశాడు. లిఫ్ట్ ఎక్కించనివ్వలేదు, స్కానర్ పెట్టనివ్వలేదు, చూపించింది మెరుస్తున్న బానెట్ ఒక్కటే. చూడనివ్వని మనిషే రెండు రోజుల తర్వాత మీరు చూసుకున్నారు కదా అంటాడు! కొన్నాయన ఇప్పుడు తనని తాను తిట్టుకుంటున్నాడు, కార్పెట్ ఎత్తి చూడాలని తోచలేదే అని. అడిగిన తనిఖీ కాదన్నాక కూడా డబ్బు కట్టడం ఆయన తప్పే. మిగతా తప్పంతా అవతలివాడిది.

పదేళ్ల బండి కొనేటప్పుడు ఎవరైనా తెలిసినవాళ్లని వెంటబెట్టుకుని వెళ్తారు. ఎనిమిది నెలల బండికి ఏం చూస్తాంలే అనుకుంటారు. మోసం జరిగేది ఈ ధీమా మీదే. ఏడాది తిరగకుండా బండి అమ్మకానికి వచ్చిందంటే ఏదో కారణం ఉండి తీరాలి. డెమో బండి, లీజు ముగిసిన బండి, వాయిదాలు కట్టలేక అమ్మేది, ఊరు మారుతూ అమ్మేది, ఇవన్నీ ఉన్న కారణాలే, వాటికి కాగితం కూడా ఉంటుంది. గుద్దిన బండి, నీళ్లలో మునిగిన బండి, సర్వీసు సెంటర్‌కి పదిసార్లు తిప్పినా కంప్లైంట్ పోని బండి, వీటికి ఏ కాగితమూ చూపించరు, కథ చెప్తారు.

రంగు సంగతి. కంటితో చూసి పోల్చుకోవడం కష్టం, ఇప్పటి పెయింటర్లు అంత బాగా కలుపుతారు. పెయింట్ మందం కొలిచే చిన్న మీటరు దొరుకుతుంది, అది పెట్టి చూడండి. ఫ్యాక్టరీ రంగు ఎక్కువ బండ్లలో దాదాపు 80 నుంచి 150 మైక్రాన్ల మధ్య ఉంటుంది. అంకె కన్నా పోలిక ముఖ్యం. మూడు డోర్లు 110 చూపిస్తూ నాలుగోది 260 చూపిస్తే దానికి మళ్లీ రంగేశారు. 1000 దాటితే కింద పుట్టీ ఉంది. టాపు, పిల్లర్లు (టాపుని మోసే నిలువు రేకులు), డోరు తెరిస్తే కనిపించే లోపలి అంచులు కూడా కొలవండి. బంపరుకి రంగేయడం పెద్ద విషయం కాదు, పార్కింగులో గీసుకున్నా వేస్తారు. పిల్లరు మీద, టాపు మీద రెండో పూత ఉంటే మాత్రం అక్కడితో ఆపేయండి. ఇంకోటి, ఈ మీటరు ప్లాస్టిక్ మీద పనిచేయదు, కొన్ని మీటర్లు అల్యూమినియం మీద కూడా చూపించవు. బానెట్ అల్యూమినియందైతే దానికి తగ్గ మీటరు కావాలి.

తర్వాత బోల్టులు. బానెట్ కీళ్లు, ఫెండర్లు, డోరు కీళ్లు, ఇవి ఎక్కువ బండ్లలో బిగించాకే రంగు పడతాయి. స్పానరు తగిలిన బోల్టు తల మూలల్లో రంగు లేస్తుంది, వాషరు కొంచెం జరిగితే కింద పాత గుర్తు నెలవంకలా బయటపడుతుంది. బానెట్ ఎత్తి ముందు లైట్ల వెనక రెండు పక్కలా ఏప్రాన్ రేకు చూడండి. ఫ్యాక్టరీ స్పాట్ వెల్డింగు గుండ్రటి చిన్న పల్లాలుగా, ఇంచుమించు సమాన దూరంలో వరసగా ఉంటుంది. గ్రైండరు పెట్టి చెక్కిన గీతలు, ఉబ్బెత్తు వెల్డింగు కనిపిస్తే ఆ బండి మొహం మారింది.

అద్దాలు చూడటం ఒక్క నిమిషం పని. ప్రతి అద్దం మూలలో కంపెనీ గుర్తు, తయారీ కోడు ఉంటాయి. అన్నీ ఒకే కంపెనీవై ఒకటి మాత్రం వేరేదైతే ఎందుకు మార్చారో అడగండి. ముందు అద్దానికి రాయి తగిలి మార్చి ఉండొచ్చు, వెనక డోరు పక్కనుండే చిన్న క్వార్టర్ అద్దం ఊరికే పగలదు.

టైరు పక్కన DOT అనే అక్షరాలతో మొదలయ్యే కోడు చివర నాలుగు అంకెలుంటాయి. 1423 అంటే 2023లో 14వ వారం. బండి తయారైన నెల కన్నా టైర్లు కొద్దిగా పాతవై ఉండాలి, ఐదూ దగ్గర దగ్గర వారాలవై ఉండాలి. తొమ్మిది వేలు తిరిగిన బండికి బండికన్నా కొత్త టైర్లుంటే, కిలోమీటర్ల మీటరు తిప్పారేమో, చక్రం గుద్దుకుందేమో అడగాలి. కొత్త టైరు గాడి లోతు సుమారు 8 మి.మీ., తొమ్మిది వేలకి 4 మి.మీ.కి రాకూడదు. బ్రేక్ ప్యాడ్లు కొత్తవి ముందు చక్రాలకి సుమారు 10 నుంచి 12 మి.మీ. ఉంటాయి. డిస్కు అంచు మీద గోరు పెట్టి గీస్తే గట్టు స్పష్టంగా తగిలిందా, అది తొమ్మిది వేల డిస్కు కాదు.

మీటరు తిప్పడం డిజిటల్ బండ్లలో కుదరదని ఇంకా నమ్ముతున్నారు. ల్యాప్‌టాప్ ఉంటే చాలు, మీటరు బోర్డులో అంకె మార్చేస్తారు. కొన్ని బండ్లలో గేర్‌బాక్స్, ఏబీఎస్ (బ్రేకుల) కంప్యూటర్లలో కూడా కిలోమీటర్లు నమోదవుతాయి, అవన్నీ మార్చడం మర్చిపోతారు. ఆ కంపెనీ బండ్లకి సరిపోయే స్కానరుతో అన్నిట్లో రీడింగు చదివించండి. సర్వీసు సెంటర్ కంప్యూటర్‌లో బండి ఛాసిస్ నంబరు మీద ప్రతిసారీ రాసిన రీడింగు ఉంటుంది, ఆ ప్రింటు ఓనరునే అడగండి. ఛాసిస్ నంబరు 17 అక్షరాలది, అందులో ఐ, ఓ, క్యూ ఉండవు. రేకు మీద చెక్కింది, అద్దం కింద లేదా డోరు పిల్లరు మీద ఉన్నది, కాగితాల్లో ఉన్నది, అన్నీ ఒకటే కావాలి.

మామూలు ఓబీడీ స్కానరు (బండి కంప్యూటరులో తప్పుల కోడ్లు చదివేది) పెట్టి “కోడ్లు ఏం లేవు” అంటే సరిపోదు. పొద్దున్నే కోడ్లు తుడిచేసి మధ్యాహ్నం బండి చూపిస్తారు. అదే స్కానర్‌లో కోడ్లు తుడిచాక ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో చాలా బండ్లలో కనిపిస్తుంది, రెడీనెస్ మానిటర్లు (బండి తనని తాను చేసుకునే పరీక్షలు) పూర్తయ్యాయో లేదో కూడా కనిపిస్తుంది. 12 కిలోమీటర్లు అని చూపించి, క్యాటలిస్ట్ మానిటర్ ఇంకా పూర్తి కాలేదంటే, మీరొస్తున్నారని తెలిసి తుడిచారు. బ్యాటరీ తీసి పెట్టినా మానిటర్లు చెరిగిపోతాయని సర్దుకుంటారు. సరే, రెండు రోజులు నడిపి మళ్లీ చూపించమనండి.

ఎయిర్‌బ్యాగులు. ఇది డబ్బు విషయం కాదు, మీ పిల్లలు కూర్చునే సీటు విషయం. గుద్దినప్పుడు ఎయిర్‌బ్యాగులు విచ్చుకున్న బండికి కొత్తవి వేయించడం ఖర్చు. అందుకని బ్యాగు స్థానంలో 2 నుంచి 3 ఓమ్‌ల రెసిస్టరు కనెక్టరుకి తగిలించి, పైన మూత అతికించేవాళ్లున్నారు. కంప్యూటరుకి బ్యాగు ఉన్నట్టే కనిపిస్తుంది, స్కానరు కూడా ఏ తప్పూ చూపించదు. ఇగ్నిషన్ వేయగానే ఎయిర్‌బ్యాగు లైటు కొన్ని సెకన్లు వెలిగి ఆరాలి. అసలు వెలగకపోతే లైటే పీకేశారు. ఇంకో లైటుతో సరిగ్గా ఒకే క్షణంలో ఆరుతోందా, దాని వైరుకి కలిపారేమో చూడాలి. స్టీరింగు మధ్య మూత రంగు, గరుకుదనం చుట్టూ ఉన్న ప్లాస్టిక్‌తో సరిపోవాలి, డ్యాష్‌బోర్డు మీద రిపేరు గీత ఉండకూడదు. ముందు సీట్ల బెల్టు బకుల్స్ రెండూ ఒకే ఎత్తులో ఉన్నాయా చూడండి. గుద్దినప్పుడు ప్రిటెన్షనరు (బెల్టుని ఒక్కసారిగా బిగించేది) పేలితే కొన్ని బండ్లలో బకుల్ కిందికి లాక్కుపోయి అక్కడే ఉండిపోతుంది. బెల్టు లేబుల్ మీద తేదీ ఉంటుంది, అది బండి తయారైన తేదీ కన్నా తర్వాతిదైతే బెల్టు మార్చారు. ఎందుకు మార్చారో చెప్పాలి.

నీళ్లలో మునిగిన బండి ఇంకా ప్రమాదం, ఎందుకంటే అది అమ్మిన రోజు బాగానే నడుస్తుంది. కనెక్టర్ల పిన్నులకి పచ్చటి చిలుము పట్టడానికి వారాలు, నెలలు పడుతుంది. ఎయిర్‌బ్యాగు కంప్యూటరు చాలా బండ్లలో గేరు లివరు దగ్గర, నేలకి ఆనుకునే ఉంటుంది, నీళ్లు ముందు దాన్నే తడుపుతాయి. బెల్టుని చివరిదాకా లాగండి, రోజూ బయటకు రాని ఆ చివరి జానెడు దగ్గర బురద చార కనిపిస్తుంది. దాన్ని కడగాలని ఎవరికీ గుర్తుండదు. సీటు పట్టాల బోల్టులకి తుప్పు ఉందా చూడండి. కార్పెట్ కింద స్పాంజి నొక్కండి, పైన ఆరినా లోపల తడి నెలల తరబడి ఉంటుంది. బండి ఎక్కగానే సెంటు వాసన గుప్పుమంటే అద్దాలన్నీ ఎక్కించి పది నిమిషాలు ఎండలో ఉంచి మళ్లీ తలుపు తీయండి, సెంటు కింద దాచిన వాసన ఉంటే బయటపడుతుంది.

ఇంజను చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేయాలి. మీరు వెళ్లేసరికి బానెట్ వేడిగా ఉంటే ఇంకోరోజు వస్తామని చెప్పండి. హైబ్రిడ్, ఎలక్ట్రిక్ అయితే బ్యాటరీ ఆరోగ్యం శాతం కంపెనీ స్కానర్‌లో చూపించనిదే మాట్లాడొద్దు.

వారంటీ మీరు కొన్న రోజు నుంచి మొదలవదు, మొదటి ఓనరుకి ఇచ్చిన రోజు నుంచే లెక్క. నీళ్లలో మునిగిందని, గుద్దిందని కంపెనీ రికార్డులో ఉంటే ఆ దెబ్బవల్ల వచ్చిన రిపేర్లకి వారంటీ ఇవ్వరు. కొత్తదానికీ దీనికీ ధరలో తేడా పది శాతం లోపే ఉంటే, పోయిన వారంటీ, సెకండ్ హ్యాండ్ లోను వడ్డీ కలిపి చూసుకోండి, కొత్తదే నయం. తేడా మరీ ఎక్కువుంటే పైన రాసినవన్నీ రెండోసారి చూడండి.

డబ్బు ఇచ్చే ముందు చేయాల్సింది ఇంతే: మీకు నచ్చిన మెకానిక్ దగ్గర లిఫ్ట్ మీద గంటసేపు. కాదంటే టోకెన్ కూడా ఇవ్వొద్దు, సాయంత్రం ఎంతమంది పార్టీలొచ్చినా సరే. ఒప్పుకుంటే, “ఈ బండి బాడీకి ప్రమాదం రిపేరు జరగలేదు, నీళ్లలో మునగలేదు, మీటరు రీడింగు నిజమైనది, లోను బాకీ లేదు, ఏది అబద్ధమని తేలినా పూర్తి డబ్బు వాపసు” అని రాయించి సంతకం తీసుకోండి. సంతకం అడగ్గానే చాలామంది వెనక్కి తగ్గుతారు. స్టెప్నీ గుంత, ఏప్రాన్, మీటరు, బెల్టు లేబుళ్లు, అన్నీ తేదీ పడేలా ఫోటోలు తీసి అమ్మినవాళ్లకి ఆ రోజే మెసేజ్‌లో పంపి ఉంచండి.