ఫ్లాటుకు నాలుగు నీటి మీటర్లు: పది నెలల అనుభవం

హైదరాబాద్ కూకట్‌పల్లిలోని మా అపార్ట్‌మెంటులో ఇరవై నాలుగు ఫ్లాట్లు, రెండు బోర్లు, ఒక మంజీరా (నగర కుళాయి నీటి) కనెక్షన్ ఉన్నాయి. వేసవిలో ట్యాంకర్ల ఖర్చును ఇద్దరే ఉండే ఫ్లాటూ, ఏడుగురున్న ఫ్లాటూ సమానంగా భరించడంపై అసోసియేషన్ సమావేశాల్లో ఏటా గొడవే జరిగేది. అందుకే ఫ్లాట్లవారీగా మీటర్లు అమర్చి నెలనెలా లెక్క ఇచ్చే ఒక సంస్థ సేవను గత ఏడాది తీసుకున్నాము.

కరెంటులా నీరు ఒకే దారిన ఇంట్లోకి రాదు. పైట్యాంకు నుంచి వంటగదికి, రెండు బాత్‌రూములకు, వాషింగ్ మెషీన్ ఉండే బాల్కనీకి వేర్వేరు పైపులు దిగుతాయి కనుక ఫ్లాటుకు నాలుగు మీటర్లు అవసరమయ్యాయి. ఇది అమ్మకం పెంచుకునే ఉపాయమని మొదట అనుమానించాను. తీరా చూస్తే ఈ సేవలో నాకు ఎక్కువగా పనికివచ్చినది ఆ విభజనే.

మనిషికి రోజుకు 135 లీటర్లన్న ప్రభుత్వ ప్రమాణం ప్రకారం మా నలుగురికి 540 లీటర్లు, అంటే నెలకు 16,200 లీటర్లు చాలాలి. నగరానికి నీరిచ్చే జలమండలి 2021లో మొదలుపెట్టిన నెలకు 20 వేల లీటర్ల ఉచిత పరిమితి కూడా అంతకంటే ఎక్కువే. మా లెక్క మాత్రం 23 వేలు దాటింది. యాప్‌లో గంటగంటకూ చూస్తే, అందరూ నిద్రపోయే రెండు, మూడు గంటల వేళ కూడా ఒక బాత్‌రూము మీటరు గంటకు 11 లీటర్లు చూపిస్తోంది. ఫ్లష్ ట్యాంకులో చిటికెడు పసుపు కలిపి, ఎవరూ ఫ్లష్ చేయకుండా అరగంట ఆగితే, కమోడులోకి పసుపుపచ్చని సన్నని ధార దిగింది. అరిగిన రబ్బరు వాషరు వల్ల రోజుకు 264 లీటర్లు, చప్పుడైనా లేకుండా పోతున్నాయన్నమాట! వంటగది మీటరు చూశాకే ఆర్‌వో యంత్రం వదిలే నీటిని బకెట్లో పట్టి ఇల్లు తుడవడానికి వాడుతున్నాము.

లోపాలూ ఉన్నాయి. ట్యాంకు ఖాళీ అయి మళ్లీ నిండేటప్పుడు పైపుల్లోని గాలి కూడా మీటరును తిప్పుతుంది. పై అంతస్తువారికి ఒక నెల అలా అధికంగా లెక్క వచ్చింది. ఫిర్యాదు చేసిన మూడు వారాలకు గాని మనిషి రాలేదు. బోరు నీటిలోని ఇసుక మీటరు ముందుండే జాలీలో పేరుకుని ధార సన్నబడుతుంది, దాన్ని శుభ్రం చేయించే భారం మా వాచ్‌మన్ మీదే పడింది. తిరిగే భాగాలు లేని అల్ట్రాసోనిక్ మీటర్లు ఇసుకకు మొరాయించవంటారు గానీ, వాటి ధర విని మేమే వెనక్కి తగ్గాము.

ఈ ఏప్రిల్‌లో మాకు వారానికి తొమ్మిది ట్యాంకర్లు సరిపోయాయి. నిరుడు ఇదే నెలలో పద్నాలుగు తెప్పించాము. ఒప్పందాన్ని మరో ఏడాదికి పొడిగిస్తున్నాము, జాలీల శుభ్రత బాధ్యత సంస్థదేనని ఈసారి కాగితం మీద రాయించుకుని.