ట్రెడ్‌మిల్ కొనబోతున్నారా? ముందు దాన్ని పక్కకు వాల్చి అడుగున చూడండి

నడక యంత్రాల మీద పండగ తగ్గింపుల ప్రకటనలు మళ్లీ మొదలయ్యాయి. ఈ వారంలోనే మా అపార్ట్‌మెంటులో ఇద్దరు అడిగారు, "మీరు కొన్నారు కదండీ, ఎలా ఉంది?" అని. వాళ్లకు మెట్ల మీద నిలబడి చెప్పిందే ఇక్కడ వివరంగా రాస్తున్నాను. 38,500 రూపాయలు పెట్టి కొన్న యంత్రం సరిగ్గా పదకొండు వారాలు పనిచేసింది.

కంపెనీ పేరు, దుకాణం పేరు రాయడం లేదు. అచ్చం ఇదే సరుకు నాలుగైదు పేర్లతో, వేరు వేరు స్టిక్కర్లతో దొరుకుతోంది. ఒక పేరు చెబితే మీరు పక్క స్టిక్కరున్నది కొంటారు, అంతే తేడా.

అసలు ఎందుకు కొన్నానంటే, నాకు యాభై నాలుగేళ్లు, విజయవాడలో కుర్చీ వదలని బ్యాంకు ఉద్యోగం. క్రిందటి ఏడాది రక్తపరీక్షలో మూడు నెలల సగటు చక్కెర (HbA1c) 6.2 శాతం వచ్చింది. 6.5కి చేరితే మధుమేహం కింద లెక్క. 5.7 నుంచి 6.4 దాకా ఉంటే అది గుమ్మంలో నిలబడి తలుపు కొడుతున్నట్టు. డాక్టరుగారు మందు రాయలేదు. "రోజూ అరగంట నడవండి. నడుస్తూ పక్కవాళ్లతో మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. ఆ వేగం చాలు" అన్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకు చెప్పేదీ దాదాపు ఇదే: వారానికి కనీసం 150 నిమిషాలు ఓ మోస్తరు శ్రమ, రెండు రోజులు కండరాలకు పని. ఇందులో ఎక్కడా యంత్రం మాట లేదు. అది నా బద్ధకంలోంచి పుట్టింది. మే నెలలో మా ఊరి ఎండ మీకు తెలిసిందే, తెల్లవారుజామున ఆరింటికే చెమటలు కారతాయి. వానాకాలంలో వీధి నిండా గుంతలు, వాటి పక్కన కుక్కలు. ఇంట్లోనే ఒకటి ఉంటే టీవీ వార్తలు చూస్తూ నడవవచ్చు కదా అనిపించింది.

దసరా ముందు ఆదివారం దుకాణానికి వెళ్లాం. ధర కాగితం మీద 84,000 కొట్టేసి 41,000 అని రాసి ఉంది. మా ఆవిడ బేరమాడితే 38,500కి దిగాడు. అంత దిగినప్పుడే అనుమానించాల్సింది. అమ్మకం కుర్రాడు మాత్రం మంచి మాటకారి. "నాలుగు హార్స్‌పవర్ మోటారు సార్, 120 కిలోల మనిషినైనా పరుగెత్తిస్తుంది. మూడేళ్ల వారంటీ. ఇంటిల్లిపాదీ వాడుకోవచ్చు" అన్నాడు. నేను ఎక్కి రెండు నిమిషాలు నడిచాను, బాగానే ఉంది. రెండు నిమిషాలు ఏ యంత్రమైనా బాగానే ఉంటుందని అప్పుడు తోచలేదు.

మొదటి నెల సంబరంగానే గడిచింది. పొద్దున నేను, తర్వాత మా ఆవిడ, ఆదివారాలు హైదరాబాదు నుంచి వస్తే మా అబ్బాయి. కింది ఫ్లాటు పెద్దాయన ఒకరోజు మెల్లిగా అడిగారు, "పొద్దున్నే ఏమైనా పిండి మర పెట్టారా?" అని. దాని కింద రబ్బరు చాప కొనడానికి మరో 1,800.

ఆరో వారంలో పట్టీ కాలి కింద జారడం మొదలైంది. అడుగు వేసిన ప్రతిసారీ అర క్షణం ఆగి మళ్లీ కదిలేది. పదకొండో వారంలో ఒక ఉదయం కాలిన బేకలైటు వాసన వచ్చి, ఉన్నపళాన ఆగిపోయింది. నేను ముందుకు తూలి పిడి పట్టుకున్నాను కాబట్టి సరిపోయింది. అదే మా ఆవిడ ఉన్నప్పుడు జరిగితే ఏమయ్యేదో. చొక్కాకు తగిలించుకోవాల్సిన ఎర్ర తాడు ఒకటి ఉంటుంది, మనిషి పడబోతే అది ఊడి యంత్రాన్ని ఆపేస్తుంది. మా ఇంట్లో అది మొదటి రోజు నుంచీ పిడికి చుట్టే ఉంది. కొన్నవాళ్లు దయచేసి తగిలించుకోండి.

ఫిర్యాదు చేసిన పందొమ్మిది రోజులకు మెకానిక్కు వచ్చాడు. మూత విప్పి, "కంట్రోలు బోర్డు పోయింది సార్, నూనె వేయలేదు" అన్నాడు. ఏ నూనె? పట్టీకి, కింది చెక్కకి మధ్య సిలికాన్ నూనె వేస్తూ ఉండాలట. లేకపోతే రాపిడి పెరిగి, మోటారు ఎక్కువ కరెంటు లాగి, ఆ భారమంతా మోటారుకు కరెంటు అందించే ఈ బోర్డు మీద పడుతుంది. ఆ నూనె సీసా పెట్టెలోనే ఉంది, థర్మోకోల్ ముక్క అడుగున. బిగించడానికి వచ్చి 1,500 తీసుకున్న మనిషి దాని ఊసే ఎత్తలేదు. నేనూ కాగితాల పుస్తకం విప్పలేదు, నా తప్పు నేను ఒప్పుకుంటాను.

ఆ రోజు రాత్రి కూర్చుని ఆ పుస్తకం మొత్తం చదివాను. గరిష్ఠ బరువు 90 కిలోలు. నేను 86. మా అబ్బాయి 97. అరగంట వాడాక మోటారు చల్లారనివ్వాలి. మేము ఒకరి తర్వాత ఒకరం గంటన్నర తిప్పేవాళ్లం. మూడేళ్ల వారంటీ ఇనుప చట్రానికి. మోటారుకి ఏడాది. బోర్డుకి, పట్టీకి, చెక్కకి ఏమీ లేదు. అంటే ఎన్నటికీ విరగని దానికి మూడేళ్లు, పోయేవాటికి సున్నా. బోర్డు మార్చడానికి 9,800, పన్ను అదనం అన్నారు.

ఇక అసలు సంగతి. మెకానిక్కు యంత్రాన్ని పక్కకు వాల్చినప్పుడు అడుగున అగ్గిపెట్టె అంత వెండి రంగు పలక కనిపించింది. దాని మీద 230 వోల్టులు, 735 వాట్లు అని అచ్చు వేసి ఉంది. ఒక హార్స్‌పవర్ అంటే సుమారు 746 వాట్లు. మరి నాకు చెప్పిన నాలుగు ఎక్కడ? మా అపార్ట్‌మెంటుకు వచ్చే ఎలక్ట్రీషియను నవ్వి, యంత్రం ప్లగ్గు పీకి నా చేతిలో పెట్టాడు. "సన్న పిన్నులు చూడండి సార్. ఇది ఆరు ఆంపియర్లది. నాలుగు హార్స్‌పవర్ అంటే పదమూడు ఆంపియర్లు లాగాలి. గీజరుకు పెట్టే లావు పిన్నుల ప్లగ్గు ఉండాలి కదా" అన్నాడు. నేను కాగితం మీద లెక్క వేశాను. ఆరు ఆంపియర్లను 230తో హెచ్చిస్తే 1,380 వాట్లు, రెండు హార్స్‌పవరుకు కూడా చాలదు. ముప్పై ఏళ్లు బ్యాంకులో అంకెలు చూసినవాడిని, దుకాణంలో ప్లగ్గు వంక చూస్తే తేలిపోయే విషయానికి మూడు నెలల పైనే పట్టింది.

ఈ నాలుగు పూర్తిగా అబద్ధం కూడా కాదట, దాన్ని పీక్ అంటారు. మోటారు ఒక్క క్షణం ఊపిరి బిగబట్టి చూపగల బలం. మనకు కావలసింది అరగంట పాటు ఆగకుండా ఇవ్వగల బలం. ఆ అంకె పెట్టె మీద పెద్ద అక్షరాల్లో ఉండదు, అడుగున పలక మీద ఉంటుంది. ఇంకో మాట చెప్పాడు ఎలక్ట్రీషియను, అది నాకు కొత్త. నెమ్మదిగా నడిస్తే మోటారుకు హాయి అనుకున్నాను. కానీ చల్లార్చే ఫ్యాను మోటారు ఇరుసు మీదే ఉంటుంది కాబట్టి, మెల్లగా తిరిగితే గాలీ తక్కువే. బరువైన మనిషి నింపాదిగా నడవడమే చిన్న మోటారుకు కష్టమట.

బోర్డు మార్చి మళ్లీ నడిచేలా అయ్యాక (అది ఎలా అయిందో తర్వాత చెబుతాను) నాలో అనుమానం పురుగు దొలిచి ఇంకో పరీక్ష చేశాను. పట్టీ అంచున సుద్దముక్కతో గీత గీశాను. టేపుతో కొలిస్తే పట్టీ చుట్టుకొలత 2.4 మీటర్లు. తెర మీద వేగం 4 కిలోమీటర్లు పెట్టి, ఎక్కి నడుస్తుంటే, మా ఆవిడ గడియారం పట్టుకుని గీత ఎన్నిసార్లు కనబడిందో లెక్కపెట్టింది. నిమిషానికి ఇరవై ఒకటి. అంటే నిమిషానికి 50 మీటర్లు, గంటకు మూడు కిలోమీటర్లు. తెర నాలుగంటోంది. రోజూ రెండు కిలోమీటర్లు నడిచానని నేను మురిసిపోయిన రోజులన్నీ ఒకటిన్నర రోజులే. ఇక కాలరీల అంకె సంగతి అడగకండి. నా బరువెంతో అది ఒక్కసారీ అడగలేదు. నా బరువు తెలియకుండా నాకెంత కరిగిందో దానికెలా తెలుస్తుంది?

డబ్బు విషయం. దుకాణంవాళ్లు "కంపెనీతో మాట్లాడుకోండి" అన్నారు, కంపెనీ "దుకాణంవాళ్లను అడగండి" అంది. బిల్లు అడుగున "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అని ముద్ర. ఆ ముద్ర చూసి చాలామంది అక్కడే ఆగిపోతారు. ఆగవద్దు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, లోపమున్న సరుకును బిల్లులో చెప్పిన గడువు లోపల, గడువు రాయకపోతే ముప్పై రోజుల లోపల, వెనక్కి తీసుకోనంటే అది అనుచిత వ్యాపార పద్ధతి. నాది ఆ ముప్పై రోజులు దాటిపోయింది, అందుకే మీకు నొక్కి చెబుతున్నాను: కొన్న మొదటి నెలలోనే పూర్తి వేగంలో, ఇంట్లో అందరిలోకీ బరువైనవాళ్లతో నడిపించి చూడండి. మాలా పుస్తకంలో రాసిన బరువు దాటకండి సుమా.

నేను 1915 నంబరుకు ఫోను చేశాను. అది జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం, తెలుగులోనూ మాట్లాడారు. బిల్లు, ధర కాగితం ఫొటో, అడుగున పలక ఫొటో పంపించాను. 120 కిలోలు, నాలుగు హార్స్‌పవర్ అని ఆ ధర కాగితం మీదే రాసి ఉండడం నన్ను కాపాడింది. నోటి మాటైతే నిలిచేది కాదు. దుకాణంలో ధర కాగితాన్ని ఫోనుతో ఒక ఫొటో తీసుకోవడానికి డబ్బు కట్టనక్కర్లేదు కదా. మూడు వారాలకు కంపెనీ దిగి వచ్చి బోర్డు ఉచితంగా మార్చింది, మెకానిక్కు ఖర్చు 1,200 నేనే పెట్టుకున్నాను. అప్పటికీ ఒప్పుకోకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్దామనుకున్నాను. అయిదు లక్షల లోపు సరుకుకు అక్కడ రుసుము లేదు, కంపెనీ ఏ రాష్ట్రంలో ఉన్నా మనం ఉండే జిల్లాలోనే వేయవచ్చు, రెండేళ్ల గడువు ఉంటుంది. అంతదాకా పోలేదు.

అయినా కొనాలనుకునేవారికి ఒక్క మాట. అడుగున పలక చూడనివ్వని దుకాణంలో కొనకండి. వారంటీ కాగితంలో "బోర్డు" అనే మాట వెతకండి. మీ ఊళ్లో మెకానిక్కు ఉన్నాడా, ఇంకో ఊరి నుంచి రావాలా అడగండి. పట్టీ వెడల్పు జానెడున్నర దాటనిది అయితే మోకాళ్లు ఒకదానికొకటి రాసుకుంటాయి. ఇక నడుముకు చుట్టుకుంటే వణికించి పొట్ట కరిగిస్తామనే పట్టీలు అదే దుకాణంలో పక్క అరలోనే ఉన్నాయి. వాటి జోలికి అసలే పోకండి. ఒళ్లు ఊపినంత మాత్రాన ఆ చోట కొవ్వు కరగదు.

యంత్రం ఆగిన ఆ రెండు నెలలూ ఏం చేశానో కూడా చెప్పాలి, ఎందుకంటే యంత్రం లేకుండానే పని జరిగిపోయింది, నాకు కోపం తెప్పించింది అదే. మా అపార్ట్‌మెంటులో కింది నుంచి నాలుగో అంతస్తుకు ఎనభై మెట్లు. పొద్దున అయిదుసార్లు ఎక్కుతాను, దిగడానికి లిఫ్టు, మోకాళ్లు దిగేటప్పుడే ఎక్కువ నొస్తాయి. రోజుకు నాలుగు వందల మెట్లు. అలిపిరి దారిలో కొండకు 3,550 మెట్లు కాబట్టి మా ఆవిడ లెక్కలో నేను తొమ్మిది రోజులకోసారి తిరుమల ఎక్కుతున్నాను. క్యాలెండరులో ఆ తేదీలకు నామాలు గీస్తోంది. సాయంత్రం డాబా మీద ఇరవై నిమిషాలు నడక. కండరాలకని కుర్చీలో కూర్చుని చేతులు ఆనించకుండా లేవడం పదిసార్లు, గోడకు చేతులు పెట్టి దండీలు పదిహేను, నీళ్లు నింపిన రెండు లీటర్ల సీసాలు చెరో చేత పట్టుకుని ఎత్తడం. సీసా ఒక్కోటీ రెండు కిలోలు, ఖాళీ చేస్తే మొక్కలకు నీళ్లు. చిన్నప్పుడు బడిలో శిక్షగా తీయించిన గుంజీళ్లు కూడా మొదలుపెట్టాను, ఇప్పుడు పన్నెండు దాటితే రొప్పు వస్తోంది. అప్పట్లో మాస్టారు యాభై తీయించేవారు, ఫీజు ఏమీ లేకుండా.

యంత్రం ఇప్పుడు పనిచేస్తోంది, అమ్మకానికి పెట్టాను. తొమ్మిది వేలకు ఒకాయన అడిగారు. చూడడానికి వస్తామన్నారు. వచ్చినప్పుడు ముందు పక్కకు వాల్చి పలక చూపిస్తాను, తొంభై కిలోలు దాటినవాళ్లు ఇంట్లో ఉంటే వద్దంటాను, నూనె సీసా చేతికిచ్చాకే డబ్బు తీసుకుంటాను.