బ్లైనావన్ బొగ్గు కొండల్లో పజిల్ జియోక్యాషింగ్: ఎక్కడ దిగాలి, ఎలా వెతకాలి

సౌత్ వేల్స్‌లో జియోక్యాషింగ్ (ఎవరో దాచిన డబ్బాలను జీపీఎస్ సాయంతో వెతికే ఆట) అనగానే ముందు తేల్చుకోవాల్సింది ఏ లోయకు వెళ్లాలన్నది. మూతపడ్డ బొగ్గు గనుల లోయలు అక్కడ చాలానే ఉన్నాయి, డబ్బాలు దాచని లోయ దాదాపు లేదు. పజిల్ క్యాష్‌ల (చిక్కుముడి విప్పితేనే చోటు తెలిసే డబ్బాల) కోసమే వెళ్తుంటే మాత్రం బ్లైనావన్‌కే ఓటు. 1789 నాటి ఇనుప కొలుములు, బిగ్ పిట్ అనే బొగ్గు బావి, గుర్రాలు లాగిన ట్రామ్ దారులు, సున్నపురాయి క్వారీలు, అన్నీ ఒకే కొండ చుట్టూ ఉంటాయి. యునెస్కో 2000లో ఈ ప్రాంతాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. పజిల్ కట్టేవాళ్లకు కావాల్సిన ముడిసరుకు తేదీలు, పేర్లు, ఫలకాలు. ఇక్కడ వాటికి కరువు లేదు. పైగా కొండపైన చాలాభాగం చెట్లు లేని బయలు, జీపీఎస్‌కు అడ్డుండదు.

కొత్తవాళ్లకు ఒక మాట. మ్యాప్ మీద నీలి ప్రశ్నార్థకం ఉన్నచోట డబ్బా ఉండదు. పజిల్ విప్పితే అసలు కోఆర్డినేట్లు (అక్షాంశ, రేఖాంశాల అంకెలు) వస్తాయి. సాధారణంగా అవి ఆ గుర్తుకు 3.2 కి.మీ. లోపే ఉండాలి. మీ జవాబు అంతకన్నా దూరంలో పడితే బూట్లు వేసుకునే ముందు లెక్క మళ్లీ చూసుకోండి. రెండు డబ్బాల మధ్య కనీసం 161 మీటర్ల దూరం ఉండాలన్నది ఇంకో నియమం. దీని ఉపయోగం ఈ వ్యాసంలోనే కింద తెలుస్తుంది.

ఎక్కువమంది తప్పేది పజిల్‌లో కాదు, జవాబును ఫోన్లోకి ఎక్కించడంలో. జియోక్యాషింగ్‌లో కోఆర్డినేట్లు డిగ్రీలు, దశాంశ నిమిషాల్లో రాస్తారు. ఉదాహరణకు ఉత్తరం 51° 46.500, పడమర 003° 06.000. దశాంశ డిగ్రీల్లో ఇది 51.7750, మైనస్ 3.1000. డిగ్రీ గుర్తు పట్టించుకోకుండా 51.46500, మైనస్ 3.06000 అని కొడితే చుక్క దాదాపు 35 కి.మీ. దక్షిణానికి జారి కార్డిఫ్ పక్కన సముద్రంలో పడుతుంది. మైనస్ మరిచిపోతే ఏకంగా ఉత్తర సముద్రంలో తేలుతుంది. ఈ రెండూ కంటికి కనిపించే తప్పులు కాబట్టి నయం. కనిపించని తప్పులతోనే తంటా. ఈ అక్షాంశం దగ్గర ఉత్తరం అంకెలో వెయ్యోవంతు నిమిషం అంటే 1.85 మీటర్లు, పడమర అంకెలో సుమారు 1.15 మీటర్లు. చివరి అంకె తప్పినా డబ్బా దొరుకుతుంది. చివరి నుంచి రెండో అంకె తప్పితే పొరపాటు గోడ దగ్గర గంటసేపు రాళ్లు చూస్తూ నిలబడాలి.

ఇక వేల్స్‌కే ప్రత్యేకమైన చిక్కులు. అక్షరాలను అంకెలుగా మార్చే పజిళ్లలో ఎ=1, బి=2 అంటూ 26 వరకు పోవడం మామూలు అలవాటు. వెల్ష్ అక్షరమాలలో జె కలుపుకొని 29 అక్షరాలు. సీహెచ్, డీడీ, ఎఫ్ఎఫ్, ఎన్‌జీ, ఎల్ఎల్ లాంటి జంటలు ఒక్కో అక్షరం కింద లెక్క. బొగ్గుకు అక్కడి పేరు మూడక్షరాల జీ-ఎల్-ఓ. ఇంగ్లిష్ వరసలో కూడితే 7+12+15, అంటే 34. వెల్ష్ వరసలో 10+15+19, అంటే 44. ఆ పది తేడా ఉత్తరం అంకెలోకి వెళ్తే డబ్బాకు 18.5 మీటర్లు పక్కన వెతుకుతుంటారు. పజిల్ పేజీ శీర్షిక వెల్ష్‌లో ఉంటే రెండు వరసలూ వేసి చూడాలి. అలాగే ఒకటి నుంచి పది వరకు వెల్ష్ అంకెలు కాగితం మీద రాసి పెట్టుకోండి: ఇన్, డై, త్రి, పెద్వార్, పింప్, చ్వెచ్, సైత్, ఉయిత్, నౌ, దెగ్. అయిదు రాసే స్పెల్లింగ్ అచ్చం ఇంగ్లిష్ పంపులా ఉంటుంది. గని గురించిన పేరాలో పంపు మాట కనపడితే ఎవరికి అనుమానం వస్తుంది చెప్పండి!

గనుల గంట సంకేతాలు కూడా పజిళ్లకు బాగా పనికొస్తాయి. కేజీ (గని బావిలో మనుషులను దింపే పంజరం లాంటి లిఫ్ట్) కదులుతున్నప్పుడు ఒకసారి మోగితే ఆపమని, రెండుసార్లు మోగితే దించమని, మూడుసార్లు మోగితే మనుషులు ఎక్కుతున్నారని అర్థం. చుక్కలు, గీతలు ఉంటే అందరూ మోర్స్ కోడ్ వైపు పరిగెత్తుతారు. చుక్కలు ఒకటి, రెండు, మూడు గుంపులుగా మాత్రమే ఉంటే ముందు గంటల లెక్క వేయండి. సంవత్సరాల విషయంలోనూ జాగ్రత్త. బిగ్ పిట్ బావిని లోతు చేసి ఆ పేరు పెట్టింది 1880లో, గని మూసింది 1980లో, మ్యూజియంగా తెరిచింది 1983లో. చివరి రెండంకెలే అడిగితే మొదటి రెంటిలో ఏది రాసినా చెల్లుతుంది. రెండో అంకె అడిగితే 8 ఎక్కడ, 9 ఎక్కడ! ప్రశ్నలో బావి అన్నారా, మ్యూజియం అన్నారా అని చూడండి.

వరస క్యాష్‌లలో ఒక్కో డబ్బా మూత లోపల ఒక అంకె ఉండి, అన్నీ కలిపితే బోనస్ డబ్బా చోటు వచ్చే ఏర్పాటు తరచుగా ఉంటుంది. మూత తీయగానే ఫోటో తీయండి, తడిసిన లాగ్‌బుక్ (డబ్బా దొరికినవాళ్లు పేరు రాసే పుస్తకం) మీద సిరా నిలవదు. వరసలో ఒక డబ్బా పోయి అంకె దొరక్కపోయినా వదిలేయనక్కర్లేదు. లేని అంకె ఉత్తరం దశాంశాల్లో మొదటిదైతే 185 మీటర్లకొకటి చొప్పున పది చోట్లు వస్తాయి. వాటిలో చెరువు నీళ్లలో పడేవి, ప్రైవేటు పొలాల్లో పడేవి, ఇంకో డబ్బాకు 161 మీటర్ల లోపు పడేవి కొట్టేయండి. మిగిలేది రెండో మూడో. పేజీలో జవాబు సరిచూసే చెకర్ ఉంటే వాటిని అందులో వేయొచ్చు. కానీ చెకర్లు వరసపెట్టి ప్రయత్నాలు చేయనివ్వవు కాబట్టి పదీ గుడ్డిగా కొట్టొద్దు. సరైన జవాబు రాగానే పేజీలో కోఆర్డినేట్లు సవరించి సేవ్ చేస్తే మ్యాప్ మీద గుర్తు అసలు చోటుకు జరుగుతుంది. ఇదంతా వైఫై ఉన్నచోటే ముగించి, పేజీలూ మ్యాపూ ఆఫ్‌లైన్‌లో దించుకోవాలి. కొండ మలుపుల్లో సిగ్నల్‌ను నమ్ముకోలేం.

నడకకు మంచి వరస బిగ్ పిట్ నుంచి గార్న్ లేక్స్, అక్కడి నుంచి ఎక్కి కీపర్స్ పాండ్, ఓపిక ఉంటే బ్లోరెంజ్ కొండ. గార్న్ లేక్స్ ఒకప్పుడు గని వ్యర్థాల దిబ్బలు, ఇప్పుడు చెరువులూ పక్షులూ. దారి చదును, పిల్లలతో వెళ్లొచ్చు. కీపర్స్ పాండ్ గార్న్‌డిరిస్ ఇనుప ఫోర్జ్‌కు నీళ్ల కోసం కట్టింది. రోడ్డు పక్కనే పార్కింగ్ ఉంది, ఎండకాసిన ఆదివారం అక్కడ జనం కిటకిటలాడతారు కాబట్టి అక్కడి డబ్బాలు పొద్దున్నే తీయడం మేలు. బ్లోరెంజ్ శిఖరం 561 మీటర్లు. ఫాక్స్‌హంటర్ కార్ పార్క్ నుంచి ఎక్కితే ఎత్తు పెద్దగా తెలియదు. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో బ్రిటన్‌కు స్వర్ణం తెచ్చిన గుర్రం ఫాక్స్‌హంటర్ సమాధి అక్కడే ఉంది. ఆ ఫలకం మీద తేదీలున్నాయి, పజిల్ వాసన తెలిసినవాళ్లు దాటిపోరు.

వెతికేటప్పుడు ఒక హద్దు పెట్టుకోవాలి. స్థల యజమాని అనుమతి లేకుండా నేల తవ్వి డబ్బా పాతడం ఆట నియమాలకే విరుద్ధం, కాబట్టి మీరూ తవ్వొద్దు. సున్నం లేకుండా పేర్చిన రాతి గోడల రాళ్లు ఊడదీయొద్దు. ఫోన్లో చుక్క ఎంత దగ్గరగా చూపించినా పాత సొరంగాల నోళ్లలోకి, కంచె వేసిన బావుల లోపలికి కాలు పెట్టకూడదు. చుక్క కంచె లోపల పడిందంటే జీపీఎస్ తప్పో, మీ జవాబు తప్పో అయి ఉంటుంది. క్వారీ గోడల పక్కన ఫోన్ పది మీటర్లు అటూ ఇటూ దూకడం మామూలే. జులై, ఆగస్టుల్లో బ్రాకెన్ అనే ఫెర్న్ పొదలు నడుము దాకా పెరిగి డబ్బాలను మింగేస్తాయి, పేలలాంటి టిక్ పురుగులూ అందులోనే. ఏప్రిల్, మే లేదా సెప్టెంబర్ హాయి. డిసెంబర్‌లో నాలుగు దాటగానే చీకటి. సంచిలో రెండు పెన్నులు, చిన్న ట్వీజర్, టార్చ్, వాన కోటు తప్పనిసరి. నానో అనే బుల్లి డబ్బాలోని చుట్ట కాగితం ట్వీజర్ లేకుండా బయటికి రాదు.

బిగ్ పిట్ విషయంలో ఒక ముఖ్యమైన చిక్కు. భూమి కింద 90 మీటర్లకు దింపే ముందు బ్యాటరీ ఉన్న ప్రతి వస్తువూ తీసుకుంటారు: ఫోన్, జీపీఎస్, స్మార్ట్ వాచ్, కారు తాళం. పజిల్‌కు లోపలి సమాచారం కావాలంటే గుర్తుంచుకోవాల్సిందే. టూర్ సుమారు 50 నిమిషాలు, మీటరు ఎత్తు లేని పిల్లలను దింపరు. మ్యూజియంకు ప్రవేశ రుసుం లేదు, పార్కింగ్‌కు ఉంది. టూర్ టికెట్ సంగతి బయల్దేరే ముందు చూసుకోండి. క్యాప్ ల్యాంప్, ల్యాంప్ రూమ్ సింగరేణి కుటుంబాలకు కొత్త కాదు. సింగరేణిలో ఇంక్లైన్లే (గనిలోకి దిగే ఏటవాలు దారులే) ఎక్కువ కాబట్టి కేజీలో దిగడం మాత్రం కొత్తగా ఉండొచ్చు.

బస విషయానికొస్తే, కారు ఉంటే అబెర్‌గవెనీ. గెస్ట్ హౌస్‌లు, మంచి తిండి, రైల్వే స్టేషన్ ఉన్న ఊరు, కొండ దాటితే బ్లైనావన్. కారు లేకపోతే న్యూపోర్ట్. లండన్ పాడింగ్టన్ నుంచి రెండు గంటల లోపే రైలు, గొలుసు హోటళ్లు చవక, అక్కడి నుంచి ఎక్స్24 బస్సు పాంటిపూల్ మీదుగా బ్లైనావన్ చేరుస్తుంది. బ్లైనావన్‌లోనే దిగితే పొద్దున్నే కొండ మీద ఉండొచ్చు, కానీ గదులు తక్కువ, రాత్రి భోజనానికి ఎంపిక ఇంకా తక్కువ. శాకాహారులైతే కాల్చిన బంగాళాదుంపతో సరిపెట్టుకోవాలి, లేదా పులిహోర పొట్లం కట్టుకోవాలి.

రైలు మీదే ఆధారపడేవాళ్లకు ప్రత్యామ్నాయం రోండా లోయలోని ట్రెహావొడ్. 1983లో మూతపడ్డ లూయిస్ మెర్తిర్ గని ఇప్పుడు మ్యూజియం, కార్డిఫ్ నుంచి నేరుగా రైలు. కానీ లోయ అడుగున చెట్లు దట్టం, జీపీఎస్ తడబడుతుంది. సెంఘెనిద్ వేరే సంగతి. 1913 అక్టోబర్ 14న అక్కడి పేలుడులో 439 మంది గని కార్మికులు చనిపోయారు. స్మారక తోటలో తేదీలు రాసుకోవచ్చు, పలకల వెనక చేతులు పెట్టి వెతక్కూడదు. 1966లో 116 మంది పిల్లలను పోగొట్టుకున్న ఆబర్‌ఫాన్‌ను అసలు ఆటలోకే లాగొద్దు. అక్కడి శ్మశానానికి, స్మారక తోటకు వెళ్లాలనుకుంటే యాప్ మూసి వెళ్లండి.

బస్సులో వచ్చినవాళ్లు వెనక్కి చివరి ఎక్స్24 ఎన్నింటికో పొద్దున దిగేటప్పుడే ఫోటో తీసి పెట్టుకోవాలి. ఆదివారాలు వేళలు మారతాయి, టాక్సీ ముందుగా చెప్పకపోతే కొండ మీదికి రావడం కష్టం.